ఇరవై మూడో ఫారం

పిండి చేతులతోనే ఫోనెత్తాను. సర్వే ఆఫీసు నుంచి రుతుజ మేడమ్.

"సంధ్యా, తేడా ఏమీ రాలేదు. మగవాళ్ళ సగటు నిద్ర ఆరు గంటల యాభై నిమిషాలు, ఆడవాళ్ళది ఆరు నలభై. రేపు రిపోర్టు పంపేస్తున్నాం."

పెనం మీద రొట్టె మాడింది. మంచం మీంచి నా మొగుడు నిలేష్, "ఊరి లెక్కలన్ని జేస్తవు, రొట్టె కాల్చరాదు," అన్నాడు.

కామాటిపురాలో వరస గదుల మా చాల్‌కి నీళ్ళు తెల్లవారుజామున మూడున్నరకి వస్తాయి. లేచి పట్టేది ఆడవాళ్ళే. ఆ వేళ మార్పించాలని ఈ సర్వే పట్టుబట్టి పెట్టించింది నేనే. నలభై ఇళ్ళు, ఇంటికో జంట. ఎనిమిదితో చదువు ఆగినదాన్ని, లెక్క ఫోన్లో చూసి నేర్చుకున్నాను. రెండు సగటుల మధ్య దూరం ఒక్కటే చూస్తే చాలదు. ఒక్కో గుంపులో మనిషికీ మనిషికీ ఎంత హెచ్చుతగ్గో, ఎంతమందిని అడిగామో కూడా చూడాలి. పది నిమిషాల తేడా ఊరికే కూడా వస్తుంది. అంటే ఈ రిపోర్టుతో వేళ మారదు, మాకు నీళ్ళు మూడున్నరకే.

మూడున్నరకి లేచేవాళ్ళకి ఆరు నలభై ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకు తెలుసు. నేను తిరిగింది సాయంత్రాలు. ఆడవాళ్ళు పొయ్యి దగ్గర, మగవాళ్ళు గడపలో. "దాన్నడుగుడెందుకు? నా పక్కనే పంటది గదా, నాకెంతనో దానికంతే," అన్నారు. రాసుకున్నాను. తొందరగా తెమిలిందని సంతోషించాను కూడా. మీటింగుల్లో ఆడవాళ్ళ తరఫున గొంతు చించుకునేదాన్ని, ఆడదాని నిద్ర ఎంతో మగవాణ్ణి అడిగాను!

ఇరవై మూడో ఫారం సపనది. ఏడు గంటలని ఆమె మొగుడు నరేష్ చెప్పాడు. నెల తిరక్కుండానే నిండు బిందెతో మెట్ల మీద కునికి, పడి చచ్చిపోయింది. ఇప్పటికీ ఆ మెట్టు మీద కూచునే ఉంటుంది. బిందె మీద గడ్డం ఆనించుకుని, కళ్ళు మూసుకుని. నేను పక్కనుంచి ఎక్కుతుంటే కళ్ళు తెరవకుండానే అడుగుతుంది: "ఏడు గంటలా అక్కా?"

మేడమ్‌కి ఫోన్ చేశాను. తప్పు నాదని చెప్పాను. రిపోర్టు రెండు రోజులు ఆపించాను. మగవాళ్ళు పనికి పోయిన వేళ మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను. తమ నిద్ర ఎంతో ఈసారి ఆడవాళ్ళే చెప్పారు: నాలుగు గంటలు. మూడున్నర. నాలుగుంబావు. "ఇయ్యాల యాదికొచ్చినమా లీడరమ్మా?" అని పక్కింటి సీమా ఎత్తిపొడిచింది. పడ్డాను.

చివరికి సపన అత్త రత్నాబాయి దగ్గర కూచున్నాను. "అత్తా, సపన ఎంతసేపు పండుకునేది?"

ముసలామె ఒలుస్తున్న ఎల్లిపాయలు పక్కకి నెట్టింది.

"నాకేమెరుక బిడ్డా. నేను లేచేసరికి లేచుండె, నేను పండుకునేసరికి గిన్నెలు తోముతుండె. అది కండ్లు మూసుకుంటే ఎట్లుంటదో పీనుగ మీదనే జూసిన."

ఇరవై మూడో ఫారంలో ఏడు కొట్టేశాను. ఆ గడిలో, చదివేవాళ్ళకి కనబడేలా పెద్ద అక్షరాలతో రాసి కింద సంతకం పెట్టాను: బతికుండగా అడగలేదు.