కూతకి కాస్త ఇవతల

నూకరాజు పాత వాల్వు మైకుసెట్టు వెనక రేకు విప్పి, గుడ్డపీలికతో లోపలి దుమ్ము తుడుస్తున్నాడు. ఎంత తుడిచినా పోని మరకలు దాని ఒంటినిండా ఉన్నాయి. పెళ్ళిపందిళ్ళలో పడ్డ పన్నీరు, శ్రీరామనవమి పానకం, ఏదో ఎన్నికల సభలో ఒలికిన సోడా. తుడవడం అయ్యాక రేకు బిగించి, బల్లసొరుగులోంచి కుంకుమ భరిణె తీసి, ఉంగరం వేలితో సెట్టు నుదుటిమీద ఒక బొట్టు పెట్టి అప్పుడు స్విచ్చి వేశాడు. బొట్టు పెట్టకుండా ఏనాడూ వెయ్యలేదు. లోపల వాల్వుల గాజుబుడ్లు మెల్లగా ఎర్రబడ్డాయి. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. ఆ వాసనంటే అతనికి ఇష్టం.

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగి ఊళ్ళోకి నడిచేవాళ్ళకి మొదట గంగబాబు టీకొట్టు, దానికి ఎదురుగా నూకరాజు కొట్టు కనబడతాయి. బోర్డు మీద భార్య పేరు: సత్యవేణి సౌండ్స్. "సౌండంతా ఆవిడదేనండి, కొట్టు మాత్రం నాది" అని వచ్చినవాళ్ళందరితోనూ హాస్యమాడతాడు. అందులో అబద్ధమేమీ లేదు. సత్యవేణి ఇంట్లో మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినబడుతుంది.

మనిషి సన్నగా, కొబ్బరిచెట్లెక్కిన వాళ్ళకుండే వంకరకాళ్ళతో ఉంటాడు. వేళ్ళ చివర టంకం కాలిన మచ్చలు. ఎవరైనా మాట్లాడుతుంటే కుడిచెవి వాళ్ళవైపు తిప్పి, తల కాస్త వంచి నవ్వుతూ వింటాడు. అది వినయమని ఊరంతా అనుకుంటుంది. ఊరు అలా అనుకోవడం అతనికీ సౌకర్యంగానే ఉంది.

పదిహేనేళ్ళప్పుడు మైకులవాళ్ళ దగ్గర పనికి కుదిరినప్పటినుంచి, ఇనప గొట్టం స్పీకర్లు భుజాన వేసుకుని చెట్టెక్కి కట్టడం, కట్టాక గొట్టం మూతి దగ్గర చెవిపెట్టి పాట సరిగ్గా వస్తోందో లేదో చూడడం, ఇదే జీవితం. అతనికి శత్రువులు ఇద్దరే. ఒకటి కూత, అంటే మైకు తన గొంతు తానే విని కీచుమనడం. రెండోది గర, పాటలో ఇసక పడ్డట్టు గరగరలాడడం. ఈ రెండూ రానివ్వడని ఇటు రాజోలు దాకా, అటు నరసాపురం దాకా పేరు. డీజే పెట్టెలు వచ్చాక గొట్టాలకు తుప్పు పట్టింది గానీ పేరుకు పట్టలేదు. పాడైపోయినవాటికి టంకం పెట్టుకుంటూ బతుకుతున్నాడు.

పొద్దున్న సెట్టు అటకమీంచి దించేటప్పుడు గుండెల్లో ఏదో పట్టేసింది. ఎడంచెయ్యి లాగింది. గ్యాసనుకున్నాడు. మా వైపు గుండెల్లో ఏమొచ్చినా గ్యాసే. గంగబాబు దగ్గర నిమ్మకాయ సోడా తాగి, గట్టిగా త్రేన్చి, పనిలో పడ్డాడు. లీలావతి సిస్టరుగారు వచ్చే వేళయింది. ఆవిడకి చెప్పకుండా దాచిన ఒక మంచిపని ఉంది. అది చూసి ఆవిడ ఏమంటుందోనని చిన్నపిల్లాడిలా ఉబలాటపడుతున్నాడు.

లీలావతి కువైట్ ఆసుపత్రిలో నర్సుగా చేసి తిరిగొచ్చిన మనిషి. చిన్నప్పుడు అన్నయ్య సత్యానందం మాస్టారు ఆమెకి మౌతార్గాన్ నేర్పాడు. అక్కడ కాలు విరిగి పడుకున్న అమెరికా డ్రిల్లింగు కార్మికుడొకడు ఆవిడ వాయించడం విని, వాళ్ళ వైపు బ్లూస్ అనే పాటలు వాయించే పద్ధతి చెప్పాడు. ఊదడం కాదు, పీల్చడంలో ఉంది పాటంతా. మైకునీ మౌతార్గాన్‌నీ రెండు చేతుల గుప్పిట్లో మూసి, పాత వాల్వు సెట్టులోకి వాయించాలి. నిరుడు మాస్టారు పోయాడు. రేపు ఆదివారం మామిడికుదురులో ఆయన జ్ఞాపకార్థ కూటం. అందులో వాయించాలని, కిందటివారం వచ్చి ఈ సెట్టు మీద వాయించి చూసుకుంది. "భలే గరగరలాడుతుందండి మీ సెట్టు. ఆదివారానికి ఇదే ఉంచండి" అని నవ్వుతూ వెళ్ళింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. గోదావరి జిల్లాలో తప్పుని తప్పని మొహాన ఎవరూ అనరు. కూరలో ఉప్పెక్కువైతే "కూర మాంఛి రుచిగా ఉందండి, ఇంకాస్త అన్నం వడ్డించండి" అంటారు. వడ్డించేవాళ్ళకి అర్థమవుతుంది. కాబట్టి ఆవిడ గరగర బాగుందంటే, బాగా లేదని మర్యాదగా చెప్పిందని నూకరాజు గ్రహించాడు. తన సెట్టులో గర! తనకేమో తెలియలేదు. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు మొదటి బుడ్డి, అరిగిపోయిన పాతది, పీకేసి, ఎన్నో ఏళ్ళుగా దూదిలో చుట్టి దాచుకున్న కొత్త బుడ్డి పెట్టాడు. అతని దగ్గర అలాంటిది అదొక్కటే.

లీలావతి వచ్చింది. గొడుగు మూలన పెట్టి, సంచిలోంచి మౌతార్గాన్ తీసి, చీరచెంగుతో తుడుచుకుంది.

"రండి సిస్టరుగారు. వాయించి చూడండి ఓసారి" అన్నాడు నూకరాజు. పాతకాలం రిక్షా ప్రచారంలో వాడిన గుండ్రటి మైకు ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ గుప్పిళ్ళు మూసి ఒక స్వరం పీల్చింది. సన్నగా, శుభ్రంగా, కడిగిన గాజుగ్లాసులా వచ్చింది శబ్దం. ఆవిడ కనుబొమలు కలిశాయి. ఏమీ అనలేదు. ఆవిడదీ ఈ జిల్లాయే మరి. "ఇంకాస్త పెంచుతారా అండి" అంది.

"ఆయ్" అని మీట తిప్పాడు.

సెట్టుకి తగిలించిన గొట్టం కూత పెట్టింది. సన్నటి, పదునైన కీచు. ఎదర టీకొట్టులో బెంచీమీద ఉన్నవాళ్ళంతా చెవులు మూసుకున్నారు. గంగబాబు చేతిలో టీ ఒలికింది. కీచు ఆగలేదు. ఆ మోతలో నూకరాజు తల కాస్త వంచి, నవ్వుతూ, ఆవిడ మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

"ఎలా ఉందండి? నూకరాజు సెట్టండి, కూత పెట్టదు."

లీలావతి మీట తగ్గించి, కూత ఆగాక మైకు కింద పెట్టేసింది. అతన్ని చూసింది. ఇన్నేళ్ళు మంచాల మధ్య తిరిగిన కళ్ళు అవి. మెల్లగా లేచి, గొడుగు కోసం వెళ్ళినట్టు అతని ఎడంపక్కకి వెళ్ళి, వెనకనుంచి "టీ తాగేరా నూకరాజుగారూ?" అంది మామూలు గొంతుతో. నూకరాజు సెట్టువైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ ఎదురుగా వచ్చి కూచుంది.

"ఎన్నాళ్ళయిందండి?"

"ఏదండి?"

"చెవులు."

అతని మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు. గుడ్డపీలిక తీసి తుడిచిన రేకే మళ్ళీ తుడిచాడు. ఇంతకాలం మొండి బేరగాళ్ళని "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందండి" అని వెక్కిరించిన మనిషి. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఎడంది ఎప్పుడో పోయిందండి. కుడి దాంట్లో లావుగా వచ్చేవి వినబడతాయండి. సన్నటివి లేవు. పిట్టలు లేవు, ఈలలు లేవు. ఇప్పుడు కూసిందేంటండి?"

"కూసిందండి. గట్టిగా."

"ఎవరికీ చెప్పకండి. చెవిటోడి చేత మైకెవరు కట్టించుకుంటారండి?"

"చెప్పనండి. నేనూ ఒకటి అడుగుతాను. లోపలేం మార్చేరు?"

కొత్త బుడ్డి సంగతి చెప్పాడు. లీలావతి నవ్వాపుకోలేకపోయింది.

"నేను నిజంగానే బాగుందన్నానండి. ఆ గరే కావాలండి నాకు."

నూకరాజుకి సిగ్గు సగం దిగిపోయింది. దాని స్థానంలో ఆశ్చర్యం ఎక్కింది. "గరెందుకండి?"

"మా అన్నయ్యకి గొంతులో జబ్బు చేశాక ఎలా మాట్లాడేవాడో మీకు గుర్తుందా అండి? బొంగురుపోయి, గీసుకున్నట్టు. ఆ గొంతుతోనే చివరిదాకా ప్రార్థనలో పాట ఎత్తుకునేవాడు. కిందటివారం మీ సెట్టులో అది వినబడిందండి. బ్లూస్ అంటే ఏడుపు కాదంట. ఏడ్చి లేచి, మొహం కడుక్కుంటూ పాడుకునేదంట. దానికి శుభ్రమైన గొంతు పనికిరాదండి."

నూకరాజు సెట్టు ఆపి, చల్లారనిచ్చి, గ్లూకోజు డబ్బాలోంచి పాత బుడ్డి తీశాడు. వారం కిందట పీకేసినదాన్ని, పీకేసినందుకు మనసులో క్షమాపణ చెప్పుకుంటూ, మళ్ళీ దాని చోట్లో గుచ్చాడు. గొట్టం వైరు తీసేసి, మూలనున్న పాత చెక్కపెట్టె స్పీకరు తగిలించాడు. గొట్టం దూరానికి అరుస్తుంది. ఇది దగ్గరవాళ్ళతో మాట్లాడే మాట అని అతనికి తోచింది.

"చెవులు మీవండి, చేతులు నావండి. కూత వస్తే వేలెత్తండి" అన్నాడు. కుడిచెయ్యి మీట మీద, ఎడంచెయ్యి చెక్కపెట్టె మీద పరిచాడు.

ఆవిడ వాయించింది. సన్నటి శబ్దాలని తగ్గించే మీట బాగా వెనక్కి తిప్పాడు. లావువి కాస్త పెంచాడు. తర్వాత అసలు మీట, గోరుమందం, మళ్ళీ గోరుమందం. ఆవిడ వేలు లేచింది. కొంచెం వెనక్కి తెచ్చాడు. వేలు దిగింది. అక్కడ ఆగాడు. మెత్తగా పీల్చితే శబ్దం శుభ్రంగా వస్తోంది. గట్టిగా పీల్చితే చిరుగుతోంది. అరచేతి కింద పెట్టె ఒళ్ళో కూచున్న పిల్లి గురగురలాడినట్టు ఉంది. ఆ లావాటి గురగుర అతని కుడిచెవికీ అందింది. ఇంతకాలం కూతకి భయపడి దానికి ఆమడదూరంలో నిలబడ్డాడు. దాని గుమ్మం దాకా వెళ్ళి, ఒక్క అడుగు ఇవతల నిలబడితే అక్కడింత ఉంటుందని తెలియనే తెలియదు. ఇన్నాళ్ళూ ఏం పోగొట్టుకున్నానా అని బాధ కలిగింది. ఇప్పటికైనా దొరికింది కదా అని సంతోషమూ కలిగింది.

"ఇంకోసారి వాయించండి" అన్నాడు. "మరోసారండి."

కూత గురించి దెబ్బలాడదామని వచ్చిన గంగబాబు గుమ్మంలో ఆగిపోయాడు. "సత్యానందం మాస్టారు పాడినట్టుందేంటండి" అన్నాడు.

లీలావతి మౌతార్గాన్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు కళ్ళు తుడుచుకుంది.

నూకరాజు భరిణె తీశాడు. మీట నిలిచినచోట, రేకు మీద, రెండో బొట్టు పెట్టాడు. "రేపు నేను పక్కనే ఉంటానండి. మీరు వేలెత్తితే చాలు."

"సోమవారం అమలాపురం వెళ్దామండి, చెవుల డాక్టరు దగ్గరికి. మిషను పెట్టుకుంటే చాలావరకు వినబడుద్దండి."

"కూత కూడానా అండి?"

"అదే ముందు వినబడుద్దండి."

"అయితే సోమవారం దీన్ని ఓసారి కూతపెట్టించి వింటానండి" అని నవ్వాడు.

సాయంత్రం సెట్టుని ఆటోలో మామిడికుదురు పంపించి, ఇంటికి నడిచాడు. ఎందుకో ఆ వేళ దాచబుద్ధి కాలేదు. అన్నం తింటూ సత్యవేణికి చెవుల సంగతి చెప్పేశాడు. ఆవిడ చారు వడ్డించడం ఆపలేదు.

"నాకెప్పుడో తెలుసు" అంది, ఎప్పట్లాగే వీధి చివరికి వినబడేలా. "లేకపోతే ఇన్నేళ్ళూ ఎవరికోసం అరుస్తున్నాననుకున్నావు?"

నూకరాజు కంచం ముందుకు జరిపి ఇంకాస్త చారు వెయ్యమన్నాడు. తర్వాత, గ్యాసు మళ్ళీ పట్టినట్టుందని, త్వరగా పడుకున్నాడు.

ఆదివారం పొద్దున్న లేవలేదు.

లీలావతి ముందు ఆ ఇంటికే వెళ్ళింది. సత్యవేణి గొంతు ఆ వేళ పక్కన కూచున్నవాళ్ళకి కూడా సరిగా వినబడలేదు. ఆవిడన్న ఒక్క మాటా దగ్గరగా వంగి వినాల్సి వచ్చింది. "సెట్టు పంపేసేడు కదండి. వాయించండి."

సాయంత్రం కొబ్బరిమట్టల పందిట్లో, మాస్టారు పేరున ప్రార్థన అయ్యాక, ఇంకో పేరు కూడా చేర్చి ప్రార్థించారు. లీలావతి స్విచ్చి వేసి, బుడ్లు ఎర్రబడేదాకా ఆగింది. మీటని బొట్టు దగ్గరికి తిప్పి గుప్పిళ్ళు మూసింది. చివర్లో, బాగా గట్టిగా పీల్చాల్సిన చోట, అలవాటుగా వేలు లేచింది. పక్కన చూసింది. ఎవరూ లేరు. కూత రాలేదు.

జనం వెళ్ళిపోయాక, పందిరి విప్పడానికి వచ్చినవాళ్ళలో ఒకడు సెట్టుని తడిగుడ్డతో తుడవబోయాడు. ఆవిడ వద్దంది. బుడ్లు చల్లారిపోయాయి, మీట మాత్రం తిప్పినచోటే ఉంది, దాని పక్కన ఒక మనిషి ఉంగరం వేలి కొనంత కుంకుమ బొట్టు.