పాన్ మీద దొరికిన పేరు

భద్రాచలం దగ్గరి అడవి పల్లెల్లో ఏఎన్ఎంగా పనిచేసే కమ్లికి ఆ జూన్‌లో ఆదాయపు పన్ను శాఖ నుంచి మెసేజ్ వచ్చింది. రెండేళ్ల కిందట డిజిటల్ ఆస్తి అమ్మారు, రిటర్నులో చూపలేదు, సరిచూసుకోండి అని. ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, టౌనులో రిటర్నులు వేసిపెట్టే ఆరిఫా దగ్గరికి వెళ్లింది. ఆరిఫా అన్న గాజుల దుకాణం పక్క గదే ఆమె ఆఫీసు.

"నా నౌకరీ పోతదా?" నిలబడే అడిగింది కమ్లి.

"ఎందుకు పోతది? ముందు కూసో అక్కా. ఏం అమ్మినవ్?"

నర్సింగ్ ట్రైనింగప్పుడు హాస్టల్ స్నేహితురాలు మోతీ దగ్గరుండి ఆమె చేత స్టైపెండుతో బిట్‌కాయిన్ కొనిపించింది. కొన్నేళ్లకు కమ్లి అందులో కాస్త అమ్మి ఫ్రిజ్ కొంది. ఆ తర్వాతి వానాకాలంలో టీకాల డబ్బా నెత్తిన పెట్టుకుని వాగు దాటుతుంటే ఫోన్ నీళ్లలో పడింది. టీకాలు తడవలేదు గానీ ఫోన్ మాత్రం దొరకలేదు.

"మిగతా కాయిన్లు?"

"అవీ పోయినట్టే. ఏ యాప్‌ల ఉన్నయో పేరు గూడ యాదికి లేదు. మోతీ నంబరు ఆ ఫోన్లనే పోయింది."

ఆరిఫా ఆమె పాన్‌తో పన్ను పోర్టల్ తెరిచింది. ఒక వరుస దగ్గర ఆగి, స్క్రీన్‌ను కమ్లి వైపు తిప్పింది.

"సూడు. నువ్వు అమ్మినప్పుడు ఆ కంపెనీ ఒక శాతం పన్ను పట్టుకుని నీ పాన్ మీద కట్టింది. అట్ల పట్టాలె, సర్కారుకు చెప్పాలె అని రూలు. పట్టినోళ్ల పేరు ఈడ ఉంది."

కమ్లి ఆ పేరును రెండుసార్లు చదువుకుంది. "ఇదే," అంది నెమ్మదిగా. "నీలం రంగు గుర్తు ఉంటుండె. ఇదే ఆరిఫా."

ఆ రోజే పాత అమ్మకం చూపిస్తూ రిటర్ను వేశారు. ఆలస్యమైనందుకు కొంత అదనంగా కట్టాల్సి వచ్చింది. కంపెనీకి ఉత్తరం రాసి పాన్, ఆధార్ పంపారు. వీడియోలో ముఖం కూడా చూపించాక, పదహారో రోజున ఖాతా తెరుచుకుంది. కాయిన్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వాటి ధర చూసి కమ్లి నవ్విన నవ్వుకు పక్క దుకాణంలోంచి ఆరిఫా అన్న మొహసిన్ లేచి వచ్చాడు.

"కొన్ని అమ్ముత," అంది కమ్లి.

"లాభం మీద ముప్పై శాతం పన్ను పడతది. ఈసారి దాయకు."

"దాచుడెందుకు? వాళ్లు సర్కారుకు చెప్పకపోతే నాకు దొరుకుతుండెనా?"

దసరా సెలవుల్లో భర్త తుల్సీరాంతో కలిసి కమ్లి ఒక బండి కిరాయికి మాట్లాడింది. తల్లిని, ఇద్దరు పిన్నులను ఎక్కించుకుని బందరు తీరానికి తీసుకెళ్లింది. ఆ ముగ్గురిలో ఎవరూ అంతకుముందు సముద్రం చూడలేదు.

తల్లి మోకాళ్ల దాకా దిగిందో లేదో, అల వచ్చి ఆమెను కూలేసింది. అందరూ పరిగెత్తారు. ఆమె నీళ్లలోనే కూర్చుని మూతి తుడుచుకుంటూ, ఇన్ని నీళ్లలో ఇంత ఉప్పు ఎవరు కలిపారని లంబాడీలో అడిగింది. లేవమంటే లేవలేదు. చెల్లెళ్లిద్దరినీ చెయ్యి పట్టి లాగి, తన పక్కనే కూర్చోబెట్టుకుంది.