గుమ్మం ముందు ఆగిన అడుగు

సినిమాలో ఎవరు నడిచినా, చప్పుడు మాత్రం మాస్టారి కాళ్లదే. నాయిక పరుగు, దొంగ పిల్లినడక, పోలీసు బూట్లు, అన్నీ కిటికీల్లేని ఆ రికార్డింగు గదిలో తెర చూస్తూ, మైకు ముందు పరిచిన చెక్క మీదా గచ్చు మీదా ఆయన వేసిన అడుగులే. ముప్పై ఏళ్లుగా పోగైన చెప్పులూ బూట్లూ నలభై జతల దాకా గోడవారన ఉన్నాయి.

ఈసారి నడిచేది మరమనిషి. కథలో అది ఒక ఇంట్లో పనికి కుదురుతుంది. వండుతుంది, పిల్లకి జడ వేస్తుంది, మంచాన పడ్డ ముసలామెకు మందులిస్తుంది. ఇంటర్వెల్ దాకా ఒక్క తప్పూ చెయ్యదు. అయినా చూసేవాళ్లకు దాని మీద అనుమానం పుట్టాలని డైరెక్టరు పట్టు.

"ఏ పాపమూ ఎరగని దాని మీద అనుమానం ఎక్కణ్ణుంచి తెమ్మంటావు బాబూ?"

"మీ కాళ్లలోంచి మాస్టారూ. అందుకేగా మిమ్మల్ని పిలిచింది."

ఆ మాట మాస్టారికి మింగుడు పడలేదు. మూలన బల్ల మీద కొత్త కంప్యూటరొకటి కూర్చుని ఉంది. బొమ్మ చూపిస్తే అడుగుల చప్పుడు అదే పుట్టిస్తుందట. సాయంత్రంలోగా ఆయన నడక కుదరకపోతే సినిమా మొత్తం దానికే అప్పగిస్తామని డైరెక్టరు నవ్వుతూనే చెప్పాడు. అదే జరిగితే, చెప్పులన్నీ మూటగట్టుకుని ఇంటిదారి పట్టడమే.

మాస్టారు బూట్లకు రేకు కట్టుకుని నడిచారు. "గిన్నెలు తోముతున్నట్టుంది" అన్నాడు డైరెక్టరు. రబ్బరు బూట్లతో తూచినట్టు నడిచారు. "గడియారంలా ఉంది. గడియారానికి ఎవరు భయపడతారు?"

"పనికి ఆలస్యమైనవాళ్లు, సార్" అంది అద్దం అవతల మీటల దగ్గర కూర్చున్న సౌండు ఇంజనీరమ్మ.

రికార్డింగు టేకు నడిచేటప్పుడు ఫ్యాను వెయ్యకూడదు. అది తిరిగితే మైకుకి మరేమీ వినపడదు. టేకు ముగియగానే ఆమే లోపలికి వచ్చి, ఎవరూ అడక్కుండా, ఫ్యాను మాస్టారి వైపు తిప్పి పెట్టేది.

"అమ్మాయీ, టేకు అయిపోయినా ఆ కంప్యూటరు రికార్డింగు ఎర్రదీపం ఆరదేం?"

"నాకూ చెప్పలేదు మాస్టారూ. దాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నారు."

మాస్టారు దీపం వంక చూశారు. ఓడించడానికి పిలిచారో, తన విద్య ఒలుచుకోవడానికి పిలిచారో అంతుపట్టలేదు.

ఆ రోజు పరీక్షకు చివరి సన్నివేశం మిగిలింది. తెర మీద కనిపించేది మంచంలోని ముసలామె ముఖమే. మందు తెస్తున్న మరమనిషి అడుగులు తలుపు అవతలి నుంచి వినపడాలి. మాస్టారు బూట్లు విప్పి, అరిగిపోయిన గుడ్డచెప్పులు వేసుకున్నారు. మెల్లగా నడిచారు. గుమ్మం దగ్గరికి వచ్చాక ఆయన ప్రమేయం లేకుండానే కాళ్లు ఆగాయి. మూడు ఊపిరులు. మళ్లీ ఒక అడుగు లోపలికి.

డైరెక్టరు లేచి నిలబడ్డాడు. "ఇదీ నాకు కావలసింది. ఎందుకాగిందది? ఏం చేద్దామని? నా వెన్ను జలదరించింది."

మాస్టారి భార్య మంచాన పడ్డ ఏడు నెలలూ మందుగ్లాసుతో ఆయన గుమ్మం దగ్గర అలాగే ఆగేవారు. ఆమె ఊపిరి విని, కన్ను అంటుకుందనిపిస్తే, లేపకుండా వెనక్కి వెళ్లిపోయేవారు.

"ఆ ఆగడం మీకెలా తట్టింది? కాస్త మైకు దగ్గరికొచ్చి వివరంగా చెప్పండి మాస్టారూ."

మైకు దగ్గరికే ఎందుకో! ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

"తట్టడానికేముంది బాబూ, పిక్క పట్టేసింది."

డైరెక్టరు ముఖం చిన్నబోయింది. "మళ్లీ పట్టేస్తుందా?"

"నన్ను పిలిస్తే పట్టేస్తుంది."

కాసేపు కంప్యూటరు వైపూ, కాసేపు ఆ గుడ్డచెప్పుల వైపూ చూశాడు డైరెక్టరు. "రేపు తొమ్మిదింటికి వచ్చెయ్యండి. సినిమా అంతా మీరే నడవండి" అని వెళ్లిపోయాడు.

ఇంజనీరమ్మ వచ్చి ఫ్యానును చివరి నంబరు దాకా తిప్పింది. గది హోరెత్తింది. ఆయన పక్కన పీట మీద కూర్చుని చెవి దగ్గరగా అడిగింది. "ఎవరి కోసం ఆగారు మాస్టారూ?"

ఆయన దీపం వంక చూశారు, తర్వాత ఫ్యాను వంక.

"మా ఆవిడ కోసమమ్మా" అన్నారు, ఆ హోరును మించకుండా.