నిండు గ్లాసు మర్యాద

వై టూ కే గండం గడిచి కంప్యూటర్లన్నీ బతికిపోయాయి. మా ఆయన ఉద్యోగమే గండంలో పడింది. జపాను క్లయింటు కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెడితే సింగపూరులో ఈ పాయా లేబర్ ఆఫీసులోనే ఉంటారు, లేకపోతే టాంపినీస్‌లో మా ఫ్లాట్ ఖాళీ చేసి ఇద్దరం ఇండియా విమానం ఎక్కాలి.

ఆ సంగతి క్లయింటు మా ఇద్దర్నీ పిలిచిన విందులో తేలుతుందని మేనేజర్ జగన్మోహనరావు గారు ఇంటికొచ్చి మరీ పాఠం చెప్పారు. ఆయన టోక్యోలో ఉన్నది వారం. ఆ వారంలోనే జపాను మొత్తం ఔపోసన పట్టేశారట.

"శశీ, రూల్ నంబర్ వన్. మన గ్లాసులో మనం పోసుకోకూడదు, పక్కవాళ్ళకి పొయ్యాలి. సీసా టూ హ్యాండ్స్‌తో పట్టుకోవాలి. వాళ్ళు పోస్తుంటే గ్లాసు కూడా అంతే!"

కాఫీ తప్ప మరొకటి ఎరగని మా ఆయన వ్రతకథ విన్నంత శ్రద్ధగా విన్నారు.

విందులో క్లయింటు పెద్ద మోరి గారు బీరు పోశారు. మా ఆయన రెండు చేతులతో అందుకుని ఖాళీ చేశారు. పెట్టింది వదిలేస్తే పెట్టినవాళ్ళకి అవమానమని అత్తగారి పెంపకం. మోరి గారు మళ్ళీ నింపారు. ఈయన మళ్ళీ ఖాళీ చేశారు. గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టబోతే జగన్మోహనరావు గారు కళ్ళెర్రజేశారు.

నా ఆరెంజ్ జ్యూస్ నిండుగా అలాగే ఉంది, దాని జోలికి ఎవరూ రాలేదు. అప్పుడు వెలిగింది నాకు. ఖాళీ గ్లాసు కనిపిస్తే నింపడం వాళ్ళ మర్యాద, చాలనుకుంటే నిండుగా వదిలెయ్యాలి. మన పండితుడు చెప్పనిది ఆ ఒక్క ముక్కే.

"ఏమండీ, ఇంక తాగకండి. నిండుగా ఉంచెయ్యండి," అన్నాను చెవిలో.

"వదిలేస్తే ఆయనేమనుకుంటారు లతా?" అంటూ మా ఆయన ఎత్తిన గ్లాసు దించలేదు.

మోరి గారు మురిసిపోయి భుజం మీద చెయ్యేశారు. సోమవారం సంతకమైంది.

"అమ్మా లతా, మీవాడు కంపెనీకి పెద్ద ఎసెట్!" అని ఫోన్ చేశారు జగన్మోహనరావు గారు. "ఇకమీదట కోడింగ్ శ్యాంసుందర్ చూస్తాడు. మోరి గారి డిన్నర్లన్నీ శశివే!"

ఇంజనీరింగు చదివించిన మామగారికి కొడుకు ప్రమోషన్ గురించి ఏమని చెప్పాలో తెలియక, ఫోన్లో వాతావరణం గురించి మాట్లాడుతున్నాను.

ఇప్పుడు ప్రతి శుక్రవారం విందే. నేను చెవిలో చెప్పిన సూత్రం మా ఆయనకు బాగానే వంటబట్టింది, కాకపోతే ఇంట్లోనే పాటిస్తారు. భోజనాల దగ్గర నేను పోసిన మజ్జిగ నిండు గ్లాసు నిండుగానే వదిలేసి లేచిపోతారు. నాకు ఒళ్ళు మండుతుంది, ఆ వెనకే ఏడుపూ వస్తుంది. గ్లాసు తీసి సింకులో వంపేస్తాను.