ఐదు ఊళ్ళ ఈత

"గుడ్లు తెచ్చావా?"

జాతీయ పోటీల్లో ఎనిమిది వందల మీటర్లు ఈది ఇంటికొచ్చిన నన్ను మా ఆయన అడిగిన మొదటి మాట అది. తెచ్చాను. ఒక చేతిలో తడి తువ్వాలున్న సంచి, ఇంకో చేతిలో డజను గుడ్లు. గుమ్మంలోనే మాస్కు తీసేసి, చేతులు కడుక్కుని, గుడ్లు కూడా కడిగి ఆరబెట్టాను. ఆ రోజుల్లో బయటి నుంచి వచ్చిన ప్రతిదీ కడిగేవాళ్ళం. కడిగేవాళ్ళం అంటే, కడిగేదాన్ని.

"ఇంతకీ గెలిచావా?" అంది అత్తయ్య సోఫాలోంచి.

"ఇంకా తెలీదు అత్తయ్యా."

"అదేం పోటీ తల్లీ! ఈదొచ్చిన మనిషికే తెలీదా?"

ఆవిడ ఆశ్చర్యంలో తప్పేం లేదు. ప్రతి ఏడూ దేశంలోని ఈతగాళ్ళందరూ ఒకే ఊళ్ళో చేరేవాళ్ళు. ఈసారి జబ్బు భయానికి ఎవర్నీ ప్రయాణాలు చెయ్యనివ్వలేదు. ఐదు ఊళ్ళు, ఐదు స్విమ్మింగ్ పూల్స్. ఎవరికి దగ్గర్లో ఉన్నదాంట్లో వాళ్ళు ఈదాలి, అందరి టైములూ ఒకచోట చేర్చి సాయంత్రం ఎవరు ఎన్నోవాళ్ళో చెప్తారు. మా పూల్లో నా పోటీకి ఉన్నది ముగ్గురమే. మిగతా ఇద్దరికంటే ముందు గోడ తాకాను. తాకితే ఏంటట? ఇంకో నాలుగు ఊళ్ళలో ఇరవై మందికి పైనే ఉన్నారు. వాళ్ళలో సగం మంది నేను కూరగాయలు తరుగుతుండగా ఈదుతారు.

మొదటి ఎనిమిది మందినీ నలభై రోజుల క్యాంపుకి తీసుకెళ్తారు. జబ్బు కాలం కాబట్టి, గేటు లోపలికి వెళ్ళాక మళ్ళీ బయటికి రావడం ఉండదు. నలభై రోజులూ తినడం, ఈదడం, పడుకోవడం. నాకు ముప్పై మూడేళ్ళు. ఇది తప్పితే ఇంకోసారి పిలవరు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా పోటీలకి వెళ్ళలేదు నేను. ఎప్పుడూ వేరే ఊరే కదా. "మూడు రోజులా? పిల్లనెవరు చూస్తారు?" అని ఆయన, "పిల్లలకి ఈత నేర్పే ఉద్యోగం ఉందిగా, ఇంకా ఈదడం ఎందుకు?" అని అత్తయ్య. ఈసారి జబ్బు పుణ్యమా అని పోటీయే మా ఊరికి నడిచొచ్చింది. ఆయనకి మీటింగు లేని పూట చూసి, వంట సగం చేసిపెట్టి వెళ్ళొచ్చాను.

ఖాళీ గ్యాలరీ, చప్పట్లు కొట్టే దిక్కు లేదు. మా కోచ్ ఒక్కతే గట్టు మీద నిలబడింది. ఆవిడ మెడలో ఈల ఎప్పుడూ తీయదని అందరూ ఈలమ్మ అంటారు. పదహారు సార్లు అటూ ఇటూ ఈదాలి, లెక్క తప్పితే అంతే సంగతులు. నేను ఒక్కో దఫాకి ఒక ఇంటిపని పెట్టుకున్నాను. మొదటిది పాలు కాచడం, రెండోది అత్తయ్య మాత్రలు, మూడోది ఆయన కాఫీ, నాలుగు చిన్నదాని ఆన్‌లైన్ క్లాసుకి ఫోను ఛార్జింగు, ఐదు ఆయన రెండో కాఫీ. పదహారోది అయిపోయి గోడ తాకేసరికి ఇంకా మధ్యాహ్నం గిన్నెల దగ్గరే ఉన్నాను. సగం రోజు మిగిలే ఉంది. అందుకేనేమో అంత ఆయాసం రాలేదు.

తొమ్మిది నిమిషాల నలభై ఆరు సెకన్లు. నీళ్ళలో ఉండి సంతోషం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఏడుపూ రాలేదు. ఈ మధ్య ఏదీ రావడం లేదు నాకు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎలా అయిపోతుందో, లోపలంతా అలా ఉంది కొన్ని నెలలుగా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు. "మా ఆవిడ ఇవాళ జాతీయ స్థాయిలో తడిసొచ్చిందిరా." అవతలివాళ్ళు పగలబడి నవ్వారు. బల్ల తుడుస్తూ నేనూ నవ్వాను. అలవాటైపోయింది, ఏం చేస్తాం.

ఐదున్నరకి ఆరిన బట్టలు మడతపెడుతుంటే ఈలమ్మ ఫోను.

"ఏడు," అంది.

"ఏడేంటి మేడం?"

"ఏడోదానివే మొద్దూ! క్యాంపులో ఉన్నావు. రేపు పొద్దున్నే వ్యాను వస్తుంది. ఒక్క మాట, చేతిలో కాగితం ఉండాలి. పద్నాలుగు రోజులుగా ఇంట్లో ఎవరికీ జ్వరం, దగ్గు లేవని రాసి, ఇంటి బాధ్యత చూసే పెద్దవాళ్ళు సంతకం పెట్టాలి. లేదంటే గేటు దాటనివ్వరు. నీ చోటు తొమ్మిదోదానికి పోతుంది."

తెల్లకాగితం మీద రాసి, తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. విషయం చెప్పాను.

"ఏడోదిగా వచ్చినదాన్ని కూడా పిలుస్తారా?" అంది అత్తయ్య.

"అమ్మా, టీవీలో వస్తావా?" అంది చిన్నది.

"నలభై రోజులా!" అన్నాడు ఆయన. "మరి ఇల్లు?"

ఆయన కాగితం మొత్తం చదివాడు. పెన్ను మూత తీశాడు. నా వైపు చూసి, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గాడు.

"అరెరె, గొంతులో ఏదో గరగరమంటోందే. అబద్ధం ఎలా రాస్తాం?" అని నవ్వాడు. అత్తయ్యా నవ్వింది. "ఊరికే అన్నాన్లే. రేపు చూద్దాం," అని పెన్ను మూత పెట్టేసి టీవీ వైపు తిరిగాడు.

మా ఇంట్లో 'చూద్దాం' అంటే ఏంటో పదకొండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. కోపం వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళకి ఏదో ఒకటి వచ్చిందే అని, కోపంలోనే కాస్త ఆశ్చర్యం కూడా వేసింది. ఆ కాగితం ఆయన ముందు పెట్టమని ఎవరు చెప్పారు నాకు? ఈలమ్మ చెప్పలేదు. ఇంటి బాధ్యత చూసేవాళ్ళు అంది. ఆ మాట వినగానే కాళ్ళు వాటంతటవే ఆయన దగ్గరికి నడిచాయి. నెలల తరబడి ఇంట్లో అందరి నోళ్ళలోనూ రెండు పూటలా థర్మామీటరు పెట్టి, ఫ్రిజ్ తలుపు మీది కాగితంలో రాస్తున్నది నేను. ఎవరి ఒళ్ళు ఎప్పుడు వెచ్చబడిందో, ఎవరి దగ్గు ఎంత నిజమో ఈ ఇంట్లో నాకు కాక ఇంకెవరికి తెలుసు?

థర్మామీటరు కడిగి తెచ్చాను.

"నోరు తెరవండి," అన్నాను.

"ఇప్పుడెందుకే?"

"దగ్గారుగా."

రోజూ తెరిచే నోరే, తెరిచాడు. నాలుక కింద పెట్టాను. రెండు నిమిషాలు మాట్లాడ్డానికి లేదు. ఆ రెండు నిమిషాల్లో పెన్ను తీసుకుని, కాగితం అడుగున నా పేరు రాసి, సంతకం పెట్టి, పక్కన 'ఇంటి బాధ్యత చూసే వ్యక్తి' అని రాశాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి ఉమ్ ఉమ్ అంటున్నాడు. టైము అయ్యేదాకా ఆగి, థర్మామీటరు తీసి వెలుతుర్లో చూశాను.

"జ్వరం లేదు," అన్నాను. "రేపటి నుంచి ఎవరిది వాళ్ళు చూసి రాసుకోండి."