తాళం వేసిన భిన్నాలు

“దొంగతనం చేసింది మీరు, నోటీసు నాకా?”

భిన్నాలమ్మ హెడ్మాస్టరు బల్ల మీద కాగితం విసిరికొట్టింది. ఆమె లెక్కల టీచరు. భిన్నాలు చెప్పీ చెప్పీ ఆ పేరే పడిపోయింది. పుస్తకంలోని పాఠాలు పిల్లల తలకెక్కక, కాగితం మడతలతో పావూ అరా నేర్పే అరవై పాఠాలు ఆరేళ్లు కూర్చుని తనే రాసి నెట్‌లో పెట్టింది. ఎక్కడెక్కడి టీచర్లో దించుకుని వాడుకున్నారు. వాటికే ఒక కంపెనీ నాలుగు బొమ్మలు చేర్చి, రంగుల అట్ట వేసి అచ్చేసింది. ఆ పుస్తకాలనే ఈ బడి కొంది. నిన్న తన పాఠాన్నే తరగతికి నలభై కాపీలు తీయించినందుకు, కంపెనీ ఫిర్యాదు మీద హెడ్మాస్టరు ఆమెకు సంజాయిషీ నోటీసిచ్చాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు!

కంపెనీ మేనేజరు పక్క కుర్చీలో నవ్వుతున్నాడు. “అందరూ వాడుకోవచ్చని మీరే పెట్టారు కదమ్మా. మేమూ అందరిలో వాళ్లమే.”

“అమ్మా గిమ్మా అనకు. షరతు చదివావా?”

“ఫ్రీ అంటే ఫ్రీయే కదండీ. మళ్లీ షరతేంటి?”

“వీధి కుళాయి అందరిదీ. పట్టుకో, తాగు, అమ్ముకో, ఎవడొద్దన్నాడు? కుళాయికే తాళం వేస్తానంటే చెయ్యి విరుగుతుంది.”

హెడ్మాస్టరు తల గోక్కున్నాడు. “ఏదమ్మా ఆ షరతు?”

ప్రతి పాఠం అడుగునా తాను వేసిన వరుసలు ఆమె గట్టిగా చదివింది: ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రాసినవాళ్ల పేరు వేయాలి. మార్చినదాన్ని కూడా ఇదే అనుమతితో అందరికీ ఇవ్వాలి. తర్వాత కంపెనీ పుస్తకం తెరిచి చూపించింది. ఆమె పేరు లేదు. ఆ చోట ‘సర్వహక్కులూ మావే’ అని ఉంది.

“దీన్ని ఓపెన్ లైసెన్స్ అంటారు సార్. షరతు తప్పిన రోజే అనుమతి పోయింది. ఈయన అమ్ముతున్నదంతా దొంగసొత్తు.”

మేనేజరు నవ్వు ఆపి పుస్తకం మూశాడు. “రెండో ముద్రణలో మీ పేరు పెద్దక్షరాలతో వేస్తాం మేడమ్. ఫోటో కూడా…”

ఫోటో! ఆమెకు ఒళ్లు మండింది. రేపు ఇంకో బడిలో ఇంకో టీచరుకు ఇదే నోటీసు వెళ్తుంది. పుస్తకం మీద తన మొహం ఇకిలిస్తూ ఉంటుంది.

“నా మొహం ఎవడికి కావాలయ్యా? సార్, మీరు ముందు ఆ నోటీసు చించండి. నువ్వు ‘సర్వహక్కులూ మావే’ అన్న ముక్క పీకెయ్. ఎంతమంది టీచర్లను ఇలా బెదిరించావో ఒక్కొక్కరికీ క్షమాపణ రాయి. పుస్తకం మొత్తం, మీ బొమ్మలతో సహా, నా షరతుతోనే నెట్‌లో పెట్టు. రేపూ ఎల్లుండీ కాదు. ఇవాళ బడి వదిలేలోపు పెట్టు!”