యశోద అడిగిన డ్రమ్ము

యశోద ఒళ్లోని బీడీల చేట దించకుండానే మెడ తిప్పి ఊయల వైపు చూసింది. పిల్లవాడు మళ్లీ దగ్గాడు. కత్తెర ఆగింది. ఇంకో దగ్గు రాలేదు. తడి తునికాకు మీద కత్తెర మళ్లీ ఆడింది.

నీలం నగర్‌లోని ఆ ఒంటిగదికి ఒకటే కిటికీ. పిల్లవాణ్ణి పొగాకు ఘాటుకు దూరంగా పడుకోబెట్టమని డాక్టరు చెప్పాడు. దూరమంటే ఆ కిటికీ మూలే. ఆ మూల నిండా మామ సిద్ధరాములు కొని తెచ్చిన డ్రమ్ సెట్లు. మూతబడ్డ బ్యాండు కంపెనీలు వదిలించుకున్న పాతకాలపు సామాను అది. దూడతోలు బిగించిన బండిచక్రమంత డ్రమ్ములు, వాటి మీద చిన్నవి, ఆపైన అంచులు పగిలిన ఇత్తడి తాళపు చిప్పలు, కప్పు దాకా.

జన్మంతా సాంచెల మధ్య, ఆ మరమగ్గాల హోరులో నిలబడి ముసలాయన చెవులు పోగొట్టుకున్నాడు. డ్రమ్ములను వాయించడు. పక్కింటి కార్ఖానాలో సాంచెలు నడుస్తుంటే తోలు సన్నగా వణుకుతుంది. దాని మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటాడు. కరెంటు పోయి సాంచెలు ఆగితే అందరికంటే ముందు ఆయనే "బంద్ అయినయ్" అంటాడు.

పొద్దున డ్యూటీకి పోతున్న భర్త అంబాదాస్‌ను యశోద ఆపింది.

"మీ నాయినకు జెప్పరాదు?"

"ఏం జెప్పాలె? ఆయనకు అవి గాక ఇంకేమున్నయ్?"

"నీ కొడుకున్నడు."

అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఇక తనే అడగాలనుకుంది. తెల్లటోపీ సర్దుకుని బయలుదేరుతున్న మామకు ఎదురు నిలబడింది. కిటికీ మూల ఖాళీ చెయ్యమని అడగలేకపోయింది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి, ఇంట్లో నీళ్లు పట్టే ప్లాస్టిక్ డ్రమ్ముకు చిల్లు పడింది. నోటికి అదే వచ్చింది.

"మామా! డ్రమ్ము తే! డ్రమ్ము!" ఇంత పెద్దదని చేతులు చాపి చూపించింది.

ముసలాయన ఆమె పెదాలనే చూశాడు. ముఖం విప్పారింది.

"నువ్వడుగుతున్నవా బిడ్డా?"

వాకిట్లో బీడీలు చుడుతున్న పొరుగింటి సీతాబాయి తలెత్తింది. "మీ మామ నవ్వంగ ఇప్పుడే సూస్తున్న. ఏం మందు వెట్టినవే?"

"నీళ్ల డ్రమ్ము తెమ్మన్న, అక్కా."

మధ్యాహ్నం దాటాక ఇంటి ముందు రిక్షా ఆగింది. రిక్షావాడు దించింది నీళ్ల డ్రమ్ము కాదు. ఎర్రరంగు వెలిసిన పెద్ద బ్యాండు డ్రమ్ము.

"దాజీ పేట్ బ్యాండు మాస్టరుది," అన్నాడు ముసలాయన ఆయాసపడుతూ. "ఆయన సచ్చిపోయినంక పెండ్లాం ఎవ్వరికియ్యలె. మా కోడలు అడిగిందంటే ఇచ్చింది. ఈ ఇంట్ల నన్ను ఎవ్వరు అడగలె, బిడ్డా, ఇన్నొద్దులు."

సీతాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇగ దీంట్ల నింపు నీళ్లు!"

యశోదకు ఒళ్లు మండిపోయింది. "పోరడు దగ్గుతుండు మామా! వాన్ని యాడ పండవెట్టాలె? నీ నెత్తి మీదనా?"

అంత అరుపూ ఆయన చెవుల దగ్గరే ఆగిపోయింది. ఏడుపుతో వంకరపోతున్న పెదాలను చదవడం ఆయనకు చేతకాలేదు. సంతోషమే అనుకున్నట్టున్నాడు. ఊయలలోంచి మనవణ్ణి ఎత్తుకుని, వాడి చిన్న అరచేతిని తోలు మీద ఆనించి, పక్కనే మెల్లగా తట్టాడు. పిల్లవాడు కిలకిలా నవ్వాడు. యశోద కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ చేట ముందు కూర్చుంది.

"జర ఒరుగుత," అంటూ ముసలాయన పిల్లవాణ్ణి ఊయలలో వేసి, ఎర్ర డ్రమ్ముకు వీపు ఆనించాడు.

సాయంత్రం కరెంటు పోయింది. పక్కింటి సాంచెలు ఆగాయి. "బంద్ అయినయ్" అన్న మాట కోసం యశోద చెవులు వాటంతటవే ఎదురుచూశాయి. అది రాలేదు. ఆమె వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. తల పక్కకు వాలింది.

శవానికి చోటు కోసం డ్రమ్ములన్నీ సందులోకి చేరవేశారు. ఖాళీ అయిన కిటికీ మూలలో యశోద పిల్లవాణ్ణి పడుకోబెట్టింది. వాడి ముఖానికి గాలి తగిలింది. దానికే తన ప్రాణం కుదుటపడినందుకు ఆమె సిగ్గుతో తల వంచుకుంది.

అన్నీ అయ్యాక అంబాదాస్ డ్రమ్ములను ఒక్కొక్కటే లోపలికి తెచ్చాడు. "నాయినవి," అన్నాడు ఆమె వైపు చూడకుండా. ఎర్రదాని దగ్గర ఆగాడు. "ఇదైతే నీదే. నువ్వే అడిగినవట గద."

యశోద ఊయలను మళ్లీ చేట పక్కకు లాక్కుంది.

పక్కింట్లో సాంచెలు మొదలయ్యాయి. కిటికీకి అడ్డంగా నిలబెట్టిన ఎర్ర డ్రమ్ము, మీద ఎవరి చెయ్యీ లేకుండానే, సన్నగా వణకసాగింది.